పురుగు మేనిమీది ప్రాణులు

గత సంవత్సరము జూన్ మాసమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు బకెట్టులో మంచుగడ్డల నడుమ ఒక టెంకుచేప పేగును పెట్టుకొని బడికి వచ్చెను. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీవఱకు మరపడవల వేట నిలిపివేయబడునని మన పట్టణమున ఎఱుగనివారు లేరు. ఆ నిషేధము తీఱి, మొదటి మరపడవలు విశాఖపట్టణపు చేపలరేవునకు తిరిగివచ్చిన వారమది. ఆ బాలుని తండ్రి రేవులో పనిచేయువాడు. బద్దెపురుగును గూర్చిన పాఠము చెప్పుచు, "సొఱచేప పేగునో టెంకుచేప పేగునో విప్పినచో బద్దెపురుగులు కనబడుట సామాన్యము" అని మేమొకనాడు అనియుంటిమి. ఆ మాటను అతడు మఱచిపోలేదు.

పేగును పళ్లెములో నుంచి నిలువున కోసితిమి. టెంకుచేప పేగు మన పేగువలె పొడవైన గొట్టము కాదు. అది పొట్టిదై, లోపల మరమెట్లవలె చుట్టలు తిరిగిన పొర గలదై యుండును. ఆహారము ఆ మెట్లన్నియు దిగి రావలయును గనుక కొంచెము చోటిలోనే చాలసేపు నిలుచును. బద్దెపురుగులకు ఇంతకంటె మంచి యిల్లు మఱియొకటి యుండునా? ఆ చుట్టల నడుమ తెల్లని దారపుపోగులవంటివి పదునైదో యిరువదియో కనబడెను. పిల్లలు సంతోషముతో కేకలు వేసిరి. మేము ఆ పురుగులను పట్టకారుతో తీసి, వాని కంటియున్న జిగురు పోవుటకై కుళాయినీటిలో బాగుగ కడిగితిమి. కడుగుచుండగనే అవి యుబ్బెను, కొన్ని పగిలెను. మిగిలినవానిని గాజుపలకపై పఱచి అందఱకును చూపితిమి.

అప్పుడు పేగు తెచ్చిన బాలుడు, "మాస్టారూ, ఆ కడిగిన నీళ్లలో ఏమి పోయిందండీ?" అని యడిగెను.

"ఏమున్నది, మురికి" అంటిమి.

ఇరువది సంవత్సరములుగ మేమట్లే చెప్పుచుంటిమి. ఉపాధ్యాయ శిక్షణమునందు మేము నేర్చుకొన్నదియు అదియే: నమూనాను మొదట శుభ్రముగ కడుగవలెను, పిదప చూపవలెను. కాని ఆ సమాధానము తప్పు. ఆ బాలునకు తరగతిలో ఒప్పుకొన్న యా తప్పును పత్రికలో దిద్దుకొనుట న్యాయమని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొట్టమొదట బద్దెపురుగు చర్మమును గూర్చి తెలిసికొనవలెను. "బద్దెపురుగు నోరు ఎచ్చట నుండును?" అని పరీక్షలో అడిగినచో సగముమంది "తలయందు" అని వ్రాయుదురు. తలయందుండునవి పేగుగోడను పట్టుకొనుటకై యేర్పడిన పీల్చుగిన్నెలును, కొన్ని జాతులయందు కొక్కెములును మాత్రమే. ఈ పురుగునకు నోరు లేదు, పేగును లేదు. ఆతిథేయి, అనగా పురుగునకు చోటిచ్చిన జంతువు, తిని జీర్ణము చేసికొనుచున్న యాహారములో నిది మునిగియుండి దేహపు పైపొరగుండ దానిని పీల్చుకొనును. కావున దీనికి చర్మమే నోరు, చర్మమే పేగు. పూర్వపు పుస్తకములలో ఈ పైపొరను నిర్జీవమైన తొడుగుగ వర్ణించెడివారు. 1960 ప్రాంతమున ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచినప్పుడు అది సజీవమైన పదార్థమనియు, కణముల నడుమ గోడలు లేక ఒక్కటే పరుపువలె పురుగునంతటిని కప్పియున్నదనియు, దాని కణకేంద్రములు లోతున దాగియున్నవనియు తేలెను. ఆ పొరమీద లెక్కకు మిక్కిలియైన సన్నని మొలకలు గలవు. వీనిలో పెక్కు ఒకటి రెండు మైక్రానుల పొడవుండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఈ మొలకలవలన పురుగు పీల్చుకొను వైశాల్యము పెక్కురెట్లు పెఱుగును. మన చిన్నప్రేగు లోపలి పొరకును ఇట్టి యమరికయే కలదు. పేగు లోపలివైపు తిరిగియున్న దానినే పురుగు వెలుపలివైపు ధరించినదని యనవచ్చును.

బాక్టీరియములును ఇంచుమించు అంతే పరిమాణము గలవి. మొలకల నడుమ అవి చేరుట జొన్నచేనిలో మేకపిల్లలు దూరుటవంటిది. మేతయు దాపును ఒక్కచోటనే దొరకును.

ఏలికపాము మొదలగు గుండ్రని పురుగుల సంగతి వేఱు. వానికి నోరును పేగును గలవు. పైన గట్టి తొడుగు గలదు. ఎదుగునప్పుడు అవి ఆ తొడుగును నాలుగుసార్లు విడుచును. విడిచినప్పుడెల్ల దానిమీద నంటియున్నవియు దానితోపాటు పోవును గదా! అయినను గుండ్రని పురుగుల మీద ఏదియు నిలువదని యనరాదు. ఉష్ణసముద్రముల యొడ్డున ఇసుకలో స్వేచ్ఛగ బ్రదుకు కొన్ని గుండ్రని పురుగులకు దేహమంతయు బాక్టీరియములే బొచ్చువలె కప్పియుండును. వియన్నా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు కరీబియను సముద్రతీరమున వీనిని చాలకాలము పరిశోధించిరి. ఒక జాతియందు ఆ బాక్టీరియములు దువ్వి నిలిపినట్లు ఒకదానిప్రక్క నొకటి నిటారుగ నిలుచును. ఇవి యే జంతువు పేగునందును నివసించునవి కావు గనుక వీనిని ఇంతటితో విడుతము.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చుచున్నది. జంతువుల పేగు బాక్టీరియములతో క్రిక్కిఱిసియుండును. అందులో మునిగియున్న పురుగుమీద కొన్ని బాక్టీరియములు కనబడుటలో వింత లేదు. బురదగుంటలోనుండి లేచిన గేదె మేనిమీద బురదయుండుట వంటిదే అది. మేము "మురికి" యన్నదియు ఈ భావముతోనే. కాని ఆ గేదె వీపుమీద గోరింకయు వ్రాలును. బురద తగిలినది, గోరింక కోరి వచ్చినది. పురుగు మేనిమీది బాక్టీరియము బురదవంటిదా, గోరింకవంటిదా? త్రోవను పోవుచు తగులుకొన్న బాటసారియా, అచ్చటనే కాపురమున్న గృహస్థుడా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఒక్కసారి చూచుట చాలదు.

దీనిని మఱింత కష్టపెట్టునది మృత్యువు. జంతువు చచ్చిన కొంతసేపటికే పేగులోని బాక్టీరియములు అడ్డులేక పెరుగును. అంతవఱకు వానిని అదుపులో నుంచిన దేహరక్షణములన్నియు నిలిచిపోవును. పురుగు కూడ చచ్చి మెత్తబడును. ఆ పిమ్మట దానిమీద కోట్లకొలది బాక్టీరియములు కనబడినను అవి కాపురస్థులని చెప్పుటకు వీలులేదు. మన రేవునకు మరపడవలు తెచ్చు చేపలు కొన్నిదినములు మంచులో నుండి వచ్చునవి. మా విద్యార్థి తెచ్చిన పేగు అట్టిదే. అడవులలో చచ్చిపడిన దుప్పికిగాని నక్కకుగాని శవపరీక్ష చేయువారికిని ఈ యిబ్బందియే కలుగును. మన జంతుప్రదర్శనశాల 1977లో తెఱవబడినది. అట్టి చోట్ల జంతువుల పేడను పరీక్షించి పురుగుల గ్రుడ్లున్నవో లేవో చూచి మందు వేయుదురు. గ్రుడ్లు కనబడును గాని పురుగు మేనిమీద ఎవరు కాపురమున్నారో పేడవలన తెలియదు.

అందువలన ఈ విషయమును పరిశోధించువారు జంతువు చచ్చిన కొలది నిమిషములలోనే పురుగును తీయుదురు. తీసిన వెంటనే, మార్పు కలుగకుండ నిలిపియుంచు ద్రవములో ముంచుదురు. మెల్లగ కడిగి, కడిగినను పోనివేవో చూతురు. అదే చేప పేగుగోడమీద నున్నవానితో పోల్చి, రెంటికిని భేదమున్నదా యని విచారింతురు. రష్యాదేశమున వోల్గానదిపై గట్టిన రిబిన్‌స్క్ జలాశయపు ఒడ్డున బొరోక్ అను గ్రామమున మంచినీటి జీవులను పరిశోధించు సంస్థ యొకటి కలదు. అచ్చటి వారు పైకు అను వేటచేప పేగులోని బద్దెపురుగులను ఈ విధముగ పరీక్షించిరి. పురుగు మేనిమొలకల నడుమ బాక్టీరియములు బిగువుగ నంటియుండుటయేగాక, అవి మాంసకృత్తులను పిండిపదార్థమును విడగొట్టు జీర్ణరసములను కూడ పుట్టించుచున్నవని వారు కనుగొనిరి. పురుగు స్వయముగ వంట చేయలేదు. ఆతిథేయి వండినదానిని తినును. ఇప్పుడు చూడగా దాని మేనిమీదనే కొందఱు వంటవారు కూడ నున్నట్లయినది. అయినను వారు పురుగుకొఱకు వండుచున్నారా, తమకొఱకు వండుకొనగా పురుగునకు మిగులుచున్నదా యనునది ఇంకొక ప్రశ్న. మాకు రెండవదే సంభవమని తోచును.

ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము టెంకుచేపల కుటుంబమునుండియే వచ్చినది. గ్రద్దరెక్కలవంటి వెడల్పు రెక్కలతో నీటిలో ఎగురుచున్నట్లు పోవు టెంకులు కొన్ని కలవు. వానిని ఆంగ్లమున గ్రద్దపేరితోనే పిలుతురు. బోర్నియో ద్వీపపు సముద్రమున పట్టిన అట్టి టెంకుల పేగులలో దొఱికిన బద్దెపురుగులకు 2012లో ఎలిసిలాకునోసస్ అను క్రొత్త ప్రజాతి నామము పెట్టిరి. దాని ఖండములమీద వెన్నువైపునను పొట్టవైపునను నడిమిభాగమున విచిత్రమైన గుంటల వంటివి కనబడెను. ఇతర బద్దెపురుగులయందు అట్టి యవయవము లేదు. అది యేమి పనికి వచ్చునో మొదట తెలియలేదు. అమెరికాలో కనెక్టికటు విశ్వవిద్యాలయమునందలి జానీన్ కైరా, కాన్సస్ విశ్వవిద్యాలయమునందలి కిర్‌స్టెన్ జెన్‌సెన్ అను నిరువురు విదుషీమణులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినులతో ఆ గుంటలను పరీక్షించి 2021లో ఫలితమును ప్రకటించిరి. ఆ గుంటలు బాక్టీరియములతో నిండియున్నవి!

విద్యార్థులు ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను. చేప చచ్చిన పిమ్మట పెరిగిన బాక్టీరియములైనచో అవి పురుగు మేనంతయు వ్యాపింపవలెను గాని, ఒకే తీరుగ ఒకే చోట నేల యుండును? అంతకంటె ముఖ్యమైనది, గుంట. బాటసారి వచ్చినప్పుడెల్ల గది కట్టువారు లేరు. పురుగు తన దేహములో ఒక యవయవమును అందుకొఱకే కేటాయించినదనగా వారి సహవాసము నిన్నమొన్నటిది కాదు. తరతరములుగ సాగి వచ్చినది. గృహస్థుడని నిరూపించుటకు ఇల్లే సాక్ష్యమైనది. ఆ బాక్టీరియములు పురుగునకు చేయు మేలేమో శాస్త్రజ్ఞులింకను తేల్చలేదు. అద్దె పుచ్చుకొనకుండ ఇల్లు కట్టి యిచ్చు ప్రాణి ప్రకృతిలో అరుదు గనుక ఏదో యొక లాభమున్నదనియే మేము నమ్ముచున్నాము.

మేనిమీద గాక, పురుగు దేహములోపలనే నివసించు సూక్ష్మజీవులు మఱికొన్ని కలవు. వీనిని గూర్చి శాస్త్రజ్ఞులకు ముందే తెలిసెను. ఏలయనగా, ఇవి జంతువులను చంపును. మన కంబాలకొండయందును అనంతగిరి ప్రాంతపు అడవులయందును తిరుగు అడవికోళ్ల జాతికి, మన పెరటికోళ్లకు వలెనే, గ్రుడ్డిప్రేగునందు ఒక చిన్న గుండ్రని పురుగు నివసించును. ఆ పురుగు కోడికి పెద్ద హాని చేయదు. కాని దాని గ్రుడ్లలో హిస్టోమోనాస్ అను ఏకకణజీవి దాగియుండును. ఆ గ్రుడ్లను సీమకోడి, అనగా టర్కీకోడి, తిన్నచో కాలేయము చెడి చచ్చును. అమెరికాలో టర్కీకోళ్లు మందలు మందలుగ చచ్చుచుండగా, థియోబాల్డ్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడు గ్రేబిల్ అను సహాయునితో కూడి 1920లో ఈ రహస్యమును బయటపెట్టెను. పురుగు గ్రుడ్డు మట్టిలో చాలకాలము చెడకుండ నుండును. వానపాము దానిని మ్రింగినను లోపలి జీవి చావదు. కావున కోడి వానపామును తినును, వానపాములో పురుగు, పురుగులో హిస్టోమోనాస్. కథ ఇంతటితో ముగియలేదు. బాక్టీరియములు బొత్తిగ లేకుండ పెంచిన టర్కీకోళ్లకు ఈ హిస్టోమోనాస్‌ను ఎక్కించి చూడగా రోగము రాలేదని 1960 తరువాతి ప్రయోగములవలన తెలిసెను. రోగము పుట్టుటకు ఆ జీవికి కూడ బాక్టీరియముల తోడు కావలెను! పెరటికోళ్లను టర్కీకోళ్లను ఒకే దొడ్డిలో పెంచరాదని పెద్దలు చెప్పుటకు కారణమిదియే.

అమెరికా పడమటి తీరమున సాల్మను చేపను పచ్చిగ తిన్న కుక్కలు చచ్చుటయు ఇట్టిదే. చేపలోని చదునుపురుగు కుక్క పేగులో చేరును. దానివలన కలుగు బాధ స్వల్పము. ఆ పురుగులోని నియోరికెట్సియా అను బాక్టీరియమే ప్రాణము తీయును. మన తీరజిల్లాలకు చిరకాలపు శత్రువైన బోదకాలు పురుగులోను వోల్బాకియా అను బాక్టీరియము కాపురమున్నది. అది పేగుపురుగు కాకున్నను ఇచ్చట చెప్పకుండ నుండలేము. ఆ బాక్టీరియమును మందుతో చంపినచో పురుగు పిల్లలు పెట్టజాలక క్రమముగ చచ్చును. గత ముప్పది సంవత్సరములలో ఈ జ్ఞానమునుండి ఒక చికిత్సయే పుట్టినది.

ఇక మేనిమీది ప్రాణులకు మరల వత్తము. వీనివలన మనుష్యులకు కలిగిన కీడు ఒకటి చెప్పినగాని ఇది వట్టి వినోదము కాదని తెలియదు. ఈజిప్టు, బ్రెజిలు దేశములలో షిస్టోసోమా అను చదునుపురుగు అనేకులకు సోకును. అది పేగు నాళములో గాక పేగును చుట్టియున్న రక్తసిరలలో నివసించును. అట్టివారికి టైఫాయిడు జ్వరముగాని, దాని బంధువులైన సాల్మొనెల్లా జ్వరములుగాని వచ్చినప్పుడు వైద్యులకు ఒక విపరీతము కనబడెను. మందిచ్చిన జ్వరము తగ్గును. రక్తములో బాక్టీరియము కనబడదు. రోగి ఇంటికి పోవును. కొన్ని వారములకు మరల అదే జ్వరము. మందు బలహీనమైనదా? రోగి సరిగ పుచ్చుకొనలేదా? కారణము రెండును కాదు. సాల్మొనెల్లా బాక్టీరియములకు సన్నని నూలువంటి పోగులుండును. వానితో అవి షిస్టోసోమా పురుగు చర్మమును పట్టుకొని వ్రేలాడును. దాని పేగులో కూడ చేరును. రక్తములో తేలు బాక్టీరియములను మందు చంపగా, పురుగును పట్టుకొన్నవి తప్పించుకొని, మందు నిలిచిన పిమ్మట మరల దిగివచ్చును. మొదట పురుగును చంపిన యెడల జ్వరము మరల రాదు. రోగి నెలలకొలది బాధపడుటయో, కొలదిదినములలో లేచి తిరుగుటయో, వైద్యుడు పురుగు చర్మమును గూర్చి యెఱుగుటపై నాధారపడియున్నది.

మన దేశమున ఈ పురుగు మనుష్యులకు సోకుట మిక్కిలి అరుదు. దాని జ్ఞాతి యొకటి మన పశువుల ముక్కుసిరలలో నుండి గురకరోగమును కలిగించును, దానిని యం. ఏ. యన్. రావుగారు 1933లో మద్రాసునందు వర్ణించిరి. కాని స్ట్రాంగిలాయిడీస్ అను సన్నని దారపుపురుగు మన ప్రాంతములకు క్రొత్త కాదు. దాని జాతి కోతులయందును కుక్కలయందును గలదు. ఇతర రోగములకై దేహబలమును తగ్గించు మందులు చాలకాలము వాడువారిలో దీని పిల్లలు హెచ్చి, పేగుగోడను దొలుచుకొని రక్తములోనికి పోవును. పోవునప్పుడు ఊరక పోవు. పేగులోని బాక్టీరియములను మేనిమీదను కడుపులోను మోసికొని పోవును. వాని వెంట రక్తములోనికి, ఒకప్పుడు మెదడు పొరలలోనికి కూడ, ఆ బాక్టీరియములు చేరి ప్రాణాపాయము కలుగును. ఇచ్చట బాక్టీరియము గృహస్థుడు కాదు, బాటసారియే. కాని చెడ్డ బండినెక్కిన బాటసారి కూడ ఊరికి చేటు తేగలడు.

పురుగులకు బాక్టీరియములవలన ఉపకారమును కలదు. ఎలుకల పేగులో నుండు కొరడాపురుగు గ్రుడ్డు ఎలుక పెద్దప్రేగును చేరి, అచ్చటి బాక్టీరియములు దాని కొనలను పట్టుకొనినగాని పొదుగదు. ఇంగ్లండులో మాంచెస్టరు శాస్త్రజ్ఞులు 2010లో దీనిని వెల్లడించిరి. బాక్టీరియములు తగ్గిన ఎలుకలలో పురుగులును తగ్గెను. గ్రుడ్డు తలుపు తట్టువారు వచ్చినగాని తెఱచుకొనదన్నమాట. తన యింటికి చేరితినని గ్రుడ్డునకు తెలియుటకు ఇంతకంటె నమ్మకమైన గుర్తు వేఱొకటి లేదు.

ఇట్టి పరిశోధనకు మన పట్టణమువంటి చోటు తక్కువ. 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునందు జంతుశాస్త్రజ్ఞులు పరాన్నజీవులను గూర్చి తరతరములుగ కృషిచేసిరి. పి. యన్. గణపతిగారు, కె. హనుమంతరావుగారు, ఆర్. మాధవిగారు మొదలైనవారి పేర్లు ఈ శాస్త్రము చదువువారికి సుపరిచితములు. మాధవిగారు రాడ్నీ బ్రే అను ఆంగ్ల శాస్త్రజ్ఞునితో కలిసి భారతదేశపు సముద్రపు చేపలలోని చదునుపురుగులను గూర్చి వ్రాసిన పెద్ద గ్రంథము 2018లో వెలువడెను. పురుగునకు పేరుపెట్టుటకు దానిని కడిగి, చదును చేసి, రంగు పట్టించి, పారదర్శకముగ చేసి గాజుపలకపై నిలుపుట లోకమంతట నున్న పద్ధతి. పురుగులోపలి యవయవముల యమరిక చక్కగ తెలియుటకు అదియే తగినది. ఆ పద్ధతిలో మేనిమీది ప్రాణులు నిలువవు. పురుగు పేరు తెలిసిన పిమ్మటగాని దాని యింటిలో అద్దెకున్నదెవరని అడుగుటకు వీలు కలుగదు. పేర్లు పెట్టిన పని మన యూరి పెద్దలు చాలవఱకు చేసియున్నారు. తరువాతి ప్రశ్న మిగిలియున్నది.

గడచిన జనవరిలో మేము మరల ప్రయత్నించితిమి. ఈ సారి బాలుని తండ్రి మరపడవ చేపను గాక, తెల్లవాఱుజామున పోయి ప్రొద్దెక్కకముందే యొడ్డు చేరు చిన్న పడవలో వచ్చిన చిన్న టెంకు పేగును పంపెను. టెంకు నెత్తురులో యూరియా యను పదార్థము చేరియుండుటవలన దాని సాంద్రత ఇంచుమించు సముద్రపు నీటికి సమానముగ నుండును. అందుచేతనే మొదటిసారి కుళాయినీరు తగులగనే దాని పురుగులు ఉబ్బి పగిలెను. ఇప్పుడు సముద్రపు నీటినే సీసాతో తెప్పించితిమి. పేగు విప్పగా పురుగులింకను మెల్లగ కదలుచుండెను. చేతులకు తొడుగులు వేసికొంటిమి. ఈ పురుగులు మనుష్యులకు సోకునవి కావని పిల్లలకు చెప్పితిమి. ఉడికించిన చేప తినుటకు భయములేదనియు చెప్పితిమి. ఏలయనగా, మొదటి పాఠము తరువాత ఇద్దఱు బాలురు ఇంటిలో చేపల పులుసు ముట్టుట మానిరని తల్లులు వచ్చి మాతో తగవు పెట్టుకొనిరి.

ఒక పురుగును కడుగకయే ఫార్మలినులో ముంచితిమి. ఇంకొకదానిని సాయంకాలమువఱకు పేగులోనే వదలి పిమ్మట ముంచితిమి. మూడవదానిని సముద్రపు నీటితో పలుమాఱు కడిగి ముంచితిమి. మిథిలీను నీలి రంగు పట్టించి మా బడిలోని మంచి సూక్ష్మదర్శినితో వేయిరెట్లు పెద్దదిగ చూచితిమి. మొదటిదాని అంచులయందు పొట్టి పుల్లలవంటి బాక్టీరియములు అక్కడక్కడ గుంపులుగ నుండెను. సాయంకాలపు దానిమీద చోటు మిగులలేదు. కడిగినదానిమీద వెదకి వెదకి చూడగా కొలదిగ కనబడెను. అవి మొలకల నడుమ నిలిచినవో, మేము సరిగ కడుగక విడిచినవో మా సూక్ష్మదర్శిని చెప్పజాలదు. దానికి ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కావలెను.

గాజుపలకలకు చీటీలంటించు పని ఆ బాలునకే యిచ్చితిమి. మొదటిదానిమీద "ఒక గంట", రెండవదానిమీద "ఎనిమిది గంటలు", మూడవదానిమీద "కడిగినది" అని వ్రాసెను. పెట్టె మూయబోవునప్పుడు చూడగా, మేము చేయుమనని నాలుగవ పలక యొకటి యందుండెను. కడిగిన నీటిలో ఒక చుక్కను తీసి, ఆరబెట్టి, రంగు పట్టించియుండెను. సూక్ష్మదర్శిని క్రింద నుంచి చూచితిమి. నీలిరంగు పుల్లలు కంటినిండ కనబడెను. దానిపై చీటీలో "నీళ్లలో పోయినది" అని యున్నది.